సగంలో ఉన్న కోడ్‌ని ఎక్కడ పెట్టాలి? గిట్ మీద పాఠకుల ప్రశ్నలు

గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్రని దాచే సాఫ్ట్‌వేర్) మీద ప్రశ్నలు పంపమన్నాం. వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి గొడవ ఒక్కటే: ఇంకా కమిట్ చెయ్యని మార్పులు, వాటితో బ్రాంచిలు మారాల్సి రావడం. (కమిట్ అంటే మార్పుల్ని గిట్‌లో నమోదు చెయ్యడం, బ్రాంచి అంటే విడిగా నడిచే కమిట్ల వరస, మెయిన్ అంటే అందరూ వాడే ప్రధాన బ్రాంచి.) అందుకని ఈసారి మొత్తం దానికే ఇస్తున్నాం. కమాండ్లు తెలుగు లిపిలో రాస్తున్నాను, టెర్మినల్లో మీరు రోజూ కొట్టే అక్షరాల్లోనే కొట్టుకోండి. ‘డాష్’ అంటే ఒక గీత, ‘డబుల్ డాష్’ అంటే రెండు గీతలు.

ప్రశ్న: మేడమ్, ఫీచర్ బ్రాంచిలో పని సగంలో ఉండగా లీడ్ వచ్చి “పేమెంట్ పేజీ పడిపోయింది, మెయిన్ మీద ఫిక్స్ చెయ్యి, ఇప్పుడే” అంటారు. బ్రాంచి మారబోతే ఒక్కోసారి గిట్ ఏమీ అనకుండా మారిపోతుంది, నా సగం కోడ్ కూడా వెంట వచ్చేస్తుంది. ఒక్కోసారి కుదరదు పొమ్మంటుంది. ఏది ఎప్పుడు జరుగుతుందో తెలియక టెన్షన్. (ఒక డెవలపర్, మాదాపూర్)

జవాబు: కమిట్ చెయ్యని మార్పు ఏ బ్రాంచిదీ కాదండి. మీరు ఫీచర్ బ్రాంచిలో కూర్చుని టైప్ చేశారు కాబట్టి అది ఆ బ్రాంచిలోనే ఉందని మనకు అనిపిస్తుంది, కానీ గిట్ లెక్కలో అది మీ ఫోల్డర్లో పడి ఉన్న ఫైలు, అంతే. ‘గిట్ యాడ్’ కొడితే ఇండెక్స్‌లోకి, అంటే తర్వాతి కమిట్‌కి సిద్ధం చేసిన జాబితాలోకి వెళ్తుంది (దీన్నే స్టేజ్ చెయ్యడం అంటారు), అదీ ఏ బ్రాంచిదీ కాదు. కమిట్ కొట్టాకే దానికి ఒక బ్రాంచి అంటూ వస్తుంది. ఇది ఒక్కటి మనసులో పెట్టుకుంటే మిగతా గందరగోళం చాలావరకు దానంతట అదే పోతుంది.

ఇక మీరు చూస్తున్న రెండు రకాల ప్రవర్తన. ఉదాహరణకి మీరు కార్ట్ ఫైల్లో పది లైన్లు మార్చి ఉన్నారు, ఇప్పుడు మెయిన్‌కి వెళ్లాలి. గిట్ చూసేది ఏమిటంటే, మీ బ్రాంచి చివరి కమిట్‌లో ఉన్న కార్ట్ ఫైలూ, మెయిన్ చివరి కమిట్‌లో ఉన్న కార్ట్ ఫైలూ ఒకటేనా కాదా అని. ఒకటే అయితే బ్రాంచి మారేటప్పుడు ఆ ఫైలును ముట్టుకోవాల్సిన పనే లేదు, కాబట్టి మీ పది లైన్లనూ అలాగే వదిలేసి మారిపోతుంది, అవి మీ వెంట వచ్చినట్టు కనిపిస్తాయి. అదే ఆ ఫైలు రెండు చోట్లా వేరువేరుగా ఉంటే, మారాలంటే మీ ఫైలు మీద మెయిన్ వెర్షన్ రాసెయ్యాలి, అప్పుడు మీ పది లైన్లు పోతాయి, అందుకని ఆగిపోయి “మీ లోకల్ మార్పులు చెరిగిపోతాయి, కమిట్ చెయ్యండి లేదా స్టాష్ చెయ్యండి” అంటుంది (స్టాష్ అంటే మార్పుల్ని తాత్కాలికంగా పక్కన దాచడం). ఆ ఎర్రర్ చూసి విసుక్కోకండి, అది మీ పనిని కాపాడుతోంది. నిజానికి ప్రమాదం ఏమీ అనకుండా మారిపోయిన రోజే ఎక్కువ: పేమెంట్ ఫిక్స్ చేసి, తొందరలో ‘గిట్ యాడ్ డాట్’ కొట్టి కమిట్ చేస్తే సగం వండిన కార్ట్ కోడ్ కూడా ప్రొడక్షన్‌కి వెళ్లిపోతుంది. ఇలాంటప్పుడు డాట్ వద్దు, ఫైలు పేరు ఇచ్చి యాడ్ చెయ్యండి, లేదా ‘గిట్ యాడ్ డాష్ పి’ వాడండి, అది ఒక్కో ముక్కా చూపించి ఇది కావాలా వద్దా అని అడుగుతుంది.

లీడ్ పక్కన నిలబడి ఉన్నప్పుడు ఏం చెయ్యాలి? నా ఓటు మామూలు కమిట్‌కే. ‘గిట్ యాడ్ డాష్ పెద్ద ఏ’, తర్వాత ‘గిట్ కమిట్ డాష్ ఎం’ అని “కార్ట్ సగం, టెస్టులు ఫెయిల్” లాంటి మెసేజ్ పెట్టి పడెయ్యండి. సగం కోడ్‌ని కమిట్ చెయ్యకూడదని మనలో చాలామందికి ఎవరో నేర్పారు, అది పూర్తిగా తప్పు కాదు గానీ ఆ మాట వర్తించేది అందరూ వాడే బ్రాంచికి, మీ సొంత ఫీచర్ బ్రాంచికి కాదు. కమిట్ ముందు కోడ్‌ని తనిఖీ చేసే హుక్ (తనంతట తానే నడిచే స్క్రిప్ట్) ఏదైనా అడ్డం పడితే ఈ ఒక్కసారికి ‘డబుల్ డాష్ నో-వెరిఫై’ పెట్టండి. తిరిగి వచ్చాక ‘గిట్ రీసెట్ డబుల్ డాష్ సాఫ్ట్ హెడ్ టిల్డా 1’ కొడితే ఆ కమిట్ విడిపోయి, మార్పులన్నీ మళ్లీ స్టేజ్ చేసిన స్థితిలో మీ ముందు ఉంటాయి. ఎవరికీ తెలియదు కూడా. ఈలోగా దాన్ని సర్వర్‌కి పుష్ చేసి ఉంటే మాత్రం తర్వాతి పుష్‌కి ‘డబుల్ డాష్ ఫోర్స్-విత్-లీజ్’ కావాలి. ఉత్త ఫోర్స్ వద్దు, విత్-లీజ్ అయితే మీరు చూడని కమిట్ ఎవరైనా అక్కడ పెట్టి ఉంటే ఆగుతుంది.

స్టాష్ కూడా పనికొస్తుంది. పది నిమిషాల పనికి అది చాలు. కానీ పేమెంట్ ఫిక్స్ పది నిమిషాల్లో అవ్వదు, ఆ సంగతి మీకూ నాకూ తెలుసు, రేపటికి ఆ స్టాష్ ఒకటుందనే మర్చిపోతాం. మూడో దారి వర్క్‌ట్రీ, దాని మీద వేరే పాఠకుడు అడిగారు, కిందకి వెళ్లండి.

ప్రశ్న: అక్కా, నేను ఫైనలియర్. ప్రాజెక్టులో ‘గిట్ స్టాష్ పాప్’ కొడితే కాన్‌ఫ్లిక్ట్ అంది, ఫైల్లో బాణం గుర్తులు నిండిపోయాయి. నా పాత కోడ్ పోయినట్టేనా? పైగా స్టాష్ లిస్ట్ చూస్తే పదికి పైగా ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి. (విద్యార్థి, వరంగల్)

జవాబు: పోలేదు తమ్ముడూ. పాప్ అంటే నిజానికి రెండు పనులు: స్టాష్‌లో ఉన్నదాన్ని ఫైళ్ల మీద వెయ్యడం, సజావుగా పడితే లిస్టులోంచి తీసెయ్యడం. కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట రెండు రకాల మార్పులు తగులుకోవడం) వచ్చిందంటే రెండో పని జరగలేదని అర్థం. స్టాష్ అక్కడే భద్రంగా ఉంది, ఎర్రర్ కింద చివరి లైన్లో గిట్ ఆ మాట చెప్తుంది కూడా, మనం భయంలో అంతవరకు చదవం.

బాణాల మధ్య ఏది ఉంచాలో తేలికగా తెలుస్తుంటే చక్కదిద్ది, ‘గిట్ యాడ్’ కొట్టి, తర్వాత ‘గిట్ స్టాష్ డ్రాప్’ చెయ్యి. తెలియకపోతే ఇంకో దారి ఉంది, నాకైతే ఇదే నచ్చుతుంది. పాప్ కొట్టే ముందు నీ ఫోల్డర్లో వేరే మార్పులేమీ లేవనుకుంటే ‘గిట్ రీసెట్ డబుల్ డాష్ హార్డ్’ కొట్టి శుభ్రం చేసుకో (వేరే మార్పులుంటే ఆ కమాండ్ వాటిని కూడా ఊడ్చేస్తుంది, జాగ్రత్త). ఆ తర్వాత ‘గిట్ స్టాష్ బ్రాంచ్’ అని ఒక కొత్త పేరు ఇవ్వు. ఆ స్టాష్ చేసిన రోజు నువ్వు ఏ కమిట్ మీద ఉన్నావో సరిగ్గా అక్కడి నుంచి కొత్త బ్రాంచి తీసి దాని మీద ఆ మార్పుల్ని పరుస్తుంది. పునాది అదే కాబట్టి కాన్‌ఫ్లిక్ట్ ఉండదు. అక్కడ కమిట్ చేసి, తీరిగ్గా నీ అసలు బ్రాంచిలోకి మెర్జ్ చేసుకో, అంటే కలుపుకో. మెర్జ్‌లో అదే కాన్‌ఫ్లిక్ట్ మళ్లీ రావచ్చు, కానీ ఇప్పుడు నీ మార్పు ఒక కమిట్‌లో ఉంది, ఎన్నిసార్లు చెడగొట్టుకున్నా వెనక్కి రావచ్చు.

లిస్ట్ సంగతి. అన్నీ ఒకేలా కనిపించడానికి కారణం, పేరు పెట్టకుండా స్టాష్ చేస్తే గిట్ అక్కడ రాసేది నీ మార్పుల గురించి కాదు, ఆ సమయానికి బ్రాంచిలో ఉన్న చివరి కమిట్ మెసేజ్. “లాగిన్ పేజీ చేశాను” అనే కమిట్ మీద కూర్చుని ఆరుసార్లు స్టాష్ చేస్తే ఆరింటి పక్కనా “లాగిన్ పేజీ చేశాను” అనే ఉంటుంది. పైగా కొత్తది వచ్చినప్పుడల్లా దానికి సున్నా నంబరు వచ్చి మిగతావన్నీ ఒక్కో అంకె జరుగుతాయి, నిన్న 2 అయినది ఇవాళ 3. అందుకే ‘గిట్ స్టాష్ పుష్ డాష్ ఎం’ అని పేరు పెట్టి దాచడం అలవాటు చేసుకో. ఇప్పుడున్నవాటిని ‘గిట్ స్టాష్ షో డాష్ పి’ పక్కన నంబరు ఇచ్చి ఒక్కోటి చూడు, కావాల్సినవాటికి స్టాష్ బ్రాంచ్, మిగతావాటికి డ్రాప్. స్టాష్‌ని అటకలా వాడితే అటక మీద సామానుకి పట్టే గతే పడుతుంది.

పొరపాటున ఒకదాన్ని డ్రాప్ చేసినా కంగారు పడకు. స్టాష్ కూడా లోపల ఒక కమిటే. డ్రాప్ అయినప్పుడు టెర్మినల్లో బ్రాకెట్లలో ఒక పొడవాటి హ్యాష్ (ఆ కమిట్ గుర్తింపు సంఖ్య) చూపిస్తుంది, పైకి స్క్రోల్ చేసి అది కాపీ చేసుకుని ‘గిట్ స్టాష్ అప్లై’ పక్కన పెడితే వెనక్కి వస్తుంది. విండో మూసేశావా, అయితే ‘గిట్ ఎఫ్ఎస్‌సికె డబుల్ డాష్ లాస్ట్-ఫౌండ్’. వేలాడుతున్న కమిట్లన్నీ చూపిస్తుంది, ఒక్కోదానికి ‘గిట్ షో’ కొట్టి వెతుక్కోవాలి.

ప్రశ్న: స్టాష్ చేసి బ్రాంచి మారాను, కానీ కొత్తగా పెట్టిన ఫైళ్లు అలాగే ఉండిపోయాయి. బగ్గా? (తెనాలి)

జవాబు: బగ్ కాదు. గిట్‌కి ఇంకా పరిచయం లేని, అంటే ఒక్కసారి కూడా యాడ్ చెయ్యని ఫైళ్లని స్టాష్ మామూలుగా ముట్టదు. ‘గిట్ స్టాష్ పుష్ డాష్ యు’ కొట్టండి. ‘డాష్ ఏ’ జోలికి పోకండి, అది ఇగ్నోర్ చేసిన ఫైళ్లని కూడా ఊడ్చుకుపోతుంది, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ (జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు లైబ్రరీలు ఉండేది) మొత్తం స్టాష్‌లోకి వెళ్లడం చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

ప్రశ్న: మేడమ్, రెండు రోజుల పని. కమిట్ చెయ్యలేదు. ఎక్కడో చదివి ‘గిట్ రీసెట్ డబుల్ డాష్ హార్డ్’ కొట్టాను, మొత్తం పోయింది. రీఫ్లాగ్ చూస్తే అందులో ఏమీ లేదు. దయచేసి ఏదైనా దారి చెప్పండి. (విశాఖపట్నం)

జవాబు: రీఫ్లాగ్‌లో ఉండదండి. అది కమిట్ల జాడ మాత్రమే రాసుకుంటుంది, అంటే హెడ్ (మీరు ప్రస్తుతం నిలబడి ఉన్న చోటు) ఎప్పుడు ఏ కమిట్ మీద ఉంది అని. మీ రెండు రోజుల పని ఒక్కసారి కూడా కమిట్ అవ్వలేదు. అయినా అన్ని తలుపులూ మూసుకుపోలేదు, వరసగా చూద్దాం.

అన్నిటికన్నా ముందు, ఎడిటర్ మూశారా? మూయకపోతే మూయొద్దు. ఆ ఫైలు తెరిచి ఉన్న ట్యాబ్‌లోకి వెళ్లి కంట్రోల్ జెడ్ కొట్టండి. బయటి నుంచి ఫైలు మారినా చాలా ఎడిటర్లు పాత అన్‌డూ చరిత్రను ఉంచుకుంటాయి.

మూసేసినా సరే, విఎస్ కోడ్‌లో ఆ ఫైలు తెరిచి ఎడమ పక్క ఎక్స్‌ప్లోరర్ కింద టైమ్‌లైన్ అని ఉంటుంది చూడండి. 2022 నుంచి అది మీరు సేవ్ కొట్టిన పాత కాపీల్ని గిట్‌తో సంబంధం లేకుండా తన దగ్గర విడిగా దాచుకుంటోంది. ఇంటెలిజె, ఆండ్రాయిడ్ స్టూడియో, పైచార్మ్ వాడేవాళ్లకైతే లోకల్ హిస్టరీ ఉంది, ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే దొరుకుతుంది, ఫోల్డర్ మొత్తాన్నీ పాత గంటకి తీసుకెళ్లొచ్చు. మీలాంటి కేసుల్లో పని దొరికేది ఎక్కువగా ఇక్కడే.

మూడోది, ఈ రెండు రోజుల్లో ఎప్పుడైనా ‘గిట్ యాడ్’ కొట్టారా? కమిట్ చెయ్యకపోయినా పర్లేదు, యాడ్ కొట్టిన క్షణంలోనే గిట్ ఆ ఫైలు లోపలి సరుకుని తన డేటాబేస్‌లో ఒక బ్లాబ్‌గా రాసేస్తుంది. రీసెట్ దాన్ని చెరపదు. ‘గిట్ ఎఫ్ఎస్‌సికె డబుల్ డాష్ లాస్ట్-ఫౌండ్’ కొడితే డాట్ గిట్ ఫోల్డర్లో లాస్ట్-ఫౌండ్ అనీ, అందులో అదర్ అనీ ఫోల్డర్ వస్తుంది, అక్కడ ఫైళ్లుంటాయి. పేర్లు ఉండవు, పేరు బదులు హ్యాష్ ఉంటుంది. కాబట్టి మీరు రాసిన ఫంక్షన్ పేరు ఏదైనా గుర్తుంటే ఆ ఫోల్డర్లో దాన్ని గ్రెప్ చేసి (ఫైళ్ల లోపల వెతికి) పట్టుకోండి. ఎవరికీ చెందని ఇలాంటి ముక్కల్ని గిట్ రెండు వారాలు దాటితే గానీ తుడవదు, కాబట్టి ఇవాళే అయిపోవాలని లేదు. ‘గిట్ జిసి’, ‘గిట్ ప్రూన్’ లాంటి ఊడ్చే కమాండ్లు మాత్రం ఇప్పుడు చేత్తో నడపొద్దు.

ఇంకో చిన్న ఊరట: అసలు ఎప్పుడూ యాడ్ చెయ్యని కొత్త ఫైళ్లని రీసెట్ హార్డ్ మామూలుగా ముట్టుకోదు, అవి ఫోల్డర్లోనే ఉండాలి, ఒకసారి చూసుకోండి. వాటిని తీసేది ‘గిట్ క్లీన్’. దాన్ని ఎప్పుడు వాడినా ముందు ‘డాష్ ఎన్’ పెట్టి ఏమేం పోతాయో చూసి, అప్పుడు ‘డాష్ ఎఫ్’.

పాత ఫైల్లో చేసిన మార్పు, ఒక్కసారి కూడా యాడ్ కొట్టలేదు, ఎడిటర్ చరిత్రలోనూ లేదు అంటే మాత్రం గిట్ చెయ్యగలిగింది ఏమీ లేదండి. ఆ వెర్షన్ దాని చేతికి ఎప్పుడూ రాలేదు. ‘గిట్ రిస్టోర్ డాట్’ కూడా ఇంతే ప్రమాదం, పేరు మెత్తగా ఉంది కాబట్టి ఎవరూ భయపడరు. ఇకమీదట ఇవన్నీ వద్దు, శుభ్రమైన స్థితి కావాలి అనిపించినప్పుడు హార్డ్ రీసెట్ బదులు ‘గిట్ స్టాష్ పుష్ డాష్ యు’ కొట్టండి. ఫోల్డర్ అంతే శుభ్రమవుతుంది, మర్నాడు మనసు మారితే పాప్, మారకపోతే డ్రాప్.

ప్రశ్న: కొత్త బ్రాంచి తియ్యడం మర్చిపోయి మెయిన్ మీదే మూడు కమిట్లు కొట్టేశాను. ఇంకా పుష్ చెయ్యలేదు. పైగా కమిట్ చెయ్యని మార్పులు కూడా ఉన్నాయి. (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పుష్ చెయ్యలేదు కాబట్టి రెండు లైన్ల పని. ‘గిట్ స్విచ్ డాష్ సి’ పక్కన కొత్త బ్రాంచి పేరు. ఇప్పుడు మీ మూడు కమిట్లూ, కమిట్ చెయ్యని మార్పులూ అన్నీ కొత్త బ్రాంచిలో మీతోనే ఉన్నాయి. తర్వాత ‘గిట్ బ్రాంచ్ డాష్ ఎఫ్ మెయిన్ ఒరిజిన్ స్లాష్ మెయిన్’. అంతే, లోకల్ మెయిన్ మళ్లీ సర్వర్లో ఉన్నచోటికి వెళ్లిపోయింది.

చాలా చోట్ల దీనికి హార్డ్ రీసెట్ చెప్తారు, మీకు కమిట్ చెయ్యని మార్పులున్నాయి కాబట్టి అది చేస్తే పై విశాఖ పాఠకుడి పక్కన మీరూ కూర్చోవాలి. నేను చెప్పిన పద్ధతిలో మీ ఫైళ్లని ఎవరూ ముట్టరు. ఎందుకంటే బ్రాంచి అంటే కోడ్ కాపీ కాదు. డాట్ గిట్ లోపల రెఫ్స్, దాని లోపల హెడ్స్ అనే ఫోల్డర్లోకి వెళ్లి ఇప్పుడే తీసిన బ్రాంచి పేరుతో ఉన్న ఫైలు తెరిచి చూడండి: 40 అక్షరాల కమిట్ హ్యాష్, ఒక కొత్త లైను గుర్తు, మొత్తం 41 బైట్లు. అదే బ్రాంచి. దాన్ని జరపడం అంటే ఆ 40 అక్షరాలు మార్చడం. ఇది ఒకసారి కళ్లతో చూసినవాళ్లు బ్రాంచి తియ్యడానికి మళ్లీ మొహమాటపడరు. గంటకొకటి తీసుకోండి, ఏం పోయింది?

ప్రశ్న: పుల్ కొట్టినప్పుడల్లా “స్టేజ్ చెయ్యని మార్పులున్నాయి, రీబేస్ కుదరదు” అంటుంది. ప్రతిసారీ స్టాష్, పుల్, పాప్. విసుగొస్తోంది. (నెల్లూరు)

జవాబు: ‘గిట్ పుల్ డబుల్ డాష్ రీబేస్ డబుల్ డాష్ ఆటోస్టాష్’. ఆ మూడూ అదే చేసుకుంటుంది. (పుల్ అంటే సర్వర్లో ఉన్న కొత్త కమిట్లు తెచ్చుకోవడం, రీబేస్ అంటే మీ కమిట్లని వాటి పైన మళ్లీ పేర్చడం.) శాశ్వతంగా కావాలంటే ‘గిట్ కాన్ఫిగ్ డబుల్ డాష్ గ్లోబల్ రీబేస్ డాట్ ఆటోస్టాష్ ట్రూ’. చివర్లో పాప్ దగ్గర కాన్‌ఫ్లిక్ట్ వస్తే మార్పులు స్టాష్ లిస్టులో ఉంటాయి, వరంగల్ తమ్ముడికి రాసింది చదవండి.

ప్రశ్న: డేటాబేస్ కాన్ఫిగ్ ఫైలు రెపోలో (గిట్ చూసుకునే ప్రాజెక్టులో) ఉంది. అందులో నా మెషీన్ పాస్‌వర్డ్ పెట్టుకున్నాను, అందుకని ఎప్పుడూ ‘మాడిఫైడ్’ అనే కనిపిస్తుంది. గిట్‌ఇగ్నోర్‌లో పెట్టినా మారలేదు. స్నేహితుడు ‘అస్యూమ్-అన్‌చేంజ్డ్’ పెట్టమన్నాడు. పెట్టొచ్చా? (బెంగళూరులో పనిచేస్తున్న కర్నూలు పాఠకురాలు)

జవాబు: వద్దు. గిట్‌ఇగ్నోర్ (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) పనిచేసేది గిట్ ఇంకా ట్రాక్ చెయ్యని ఫైళ్ల మీదే, అందుకే మీ విషయంలో దాని మాట చెల్లలేదు. ఇక అస్యూమ్-అన్‌చేంజ్డ్, దాని అన్న స్కిప్-వర్క్‌ట్రీ, రెండూ ‘ఈ ఫైలు మారలేదనుకో’, ‘దీన్ని చూడకు’ అని గిట్‌కి చెప్పే జెండాలే గానీ, ఈ పని కోసం పుట్టినవి కాదు. మొదటిది ఫైళ్లు చెక్ చెయ్యడం బాగా నెమ్మదిగా ఉండే సిస్టమ్‌లలో వేగం కోసం, రెండోది రెపోలో కొంత భాగమే తెచ్చుకుని పనిచేసే స్పార్స్ చెకౌట్ కోసం. ట్రాక్ అవుతున్న ఫైలును పట్టించుకోకుండా ఉండటానికి వీటిని వాడొద్దని గిట్ డాక్యుమెంటేషనే చెప్తుంది. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది, తర్వాత టీమ్‌లో ఎవరో ఆ ఫైలు మారుస్తారు, మీ పుల్ ఆగిపోతుంది, ‘గిట్ స్టేటస్’ కొడితే ఏ మార్పూ లేదంటుంది, మీరు ఎప్పుడో పెట్టిన ఆ జెండా మీకే గుర్తుండదు. ఒక సాయంత్రం అంతా దానికి పోతుంది.

సరైన పద్ధతి టీమ్‌తో మాట్లాడి చెయ్యాల్సింది. కాన్ఫిగ్‌కి ఒక నమూనా ఫైలు రెపోలో ఉంచి, అసలు ఫైలును ‘గిట్ ఆర్ఎం డబుల్ డాష్ క్యాష్డ్’ తో ట్రాకింగ్ నుంచి తీసి, గిట్‌ఇగ్నోర్‌లో పెట్టాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది, చెప్పకపోతే మీ టీమ్ మిమ్మల్ని తిట్టుకుంటుంది: క్యాష్డ్ అన్నందుకు మీ మెషీన్లో ఫైలు ఉంటుంది గానీ, మీ కమిట్‌ని పుల్ చేసుకున్న మిగతావాళ్లకి అది ‘ఫైలు తీసేశారు’ అని చేరుతుంది, వాళ్ల ఫోల్డర్లో ఆ ఫైలు మాయమవుతుంది (వాళ్లు దాన్ని మార్చుకుని ఉంటే పుల్ ఆగుతుంది). కాబట్టి ముందే గ్రూపులో మెసేజ్ పెట్టి, ఎవరి కాపీ వాళ్లని పక్కన పెట్టుకోమనండి. అసలు పాస్‌వర్డ్ ఎప్పుడైనా కమిట్ అయ్యి పుష్ అయి ఉంటే ఫైలు తీసేసినంత మాత్రాన అది పోదు, పాత కమిట్లలో ఉంటుంది. ముందు ఆ పాస్‌వర్డ్ మార్చెయ్యండి.

ప్రశ్న: ఆఫీసు కోడ్ కాదండీ, నేను నా తెలుగు కథలు గిట్‌లో పెట్టుకుంటున్నాను. ఫైళ్ల పేర్లు తెలుగులోనే. స్టేటస్ కొడితే ఏ ఫైలు మారిందో తెలియడం లేదు, అన్నీ అంకెలు. (రాజమండ్రి)

జవాబు: ఈ ఉత్తరం చూసి ముచ్చటేసింది. కథలకి గిట్ అద్భుతంగా పనికొస్తుంది, ఒకసారి కమిట్ చేశాక కొట్టేసిన పేరా కూడా పోదు.

మీకు కనిపిస్తున్నవి యూటిఎఫ్-8 బైట్లు. పేరులో ఇంగ్లీషు దాటిన అక్షరాలు ఉంటే గిట్ వాటిని మామూలుగా ఆక్టల్ అంకెల్లో చూపిస్తుంది. మన అక్షరం ఒక్కోటి మూడు బైట్లు, అందుకే ‘కథ’ అనే రెండక్షరాల పేరు “\340\260\225\340\260\245” అని కనిపిస్తుంది. ప్రతి అక్షరం ముందూ 340 వస్తుంది కాబట్టి అన్నీ ఒకేలా అనిపిస్తాయి. ‘గిట్ కాన్ఫిగ్ డబుల్ డాష్ గ్లోబల్ కోర్ డాట్ కోట్‌పాత్ ఫాల్స్’ ఒక్కసారి కొట్టండి, పేర్లు తెలుగులో వస్తాయి. అప్పటికీ గుణింతాలు విడిపోయి కనిపిస్తే అది గిట్ తప్పు కాదు, టెర్మినల్‌ది. తెలుగుని సరిగ్గా కూర్చగలిగే టెర్మినల్ దొరకడం ఇంకా కష్టంగానే ఉంది, విఎస్ కోడ్ పక్క ప్యానెల్లో చూసుకోవడం నయం. ఇంకోటి, పేరా మొత్తం ఒకే లైనుగా రాస్తే ఒక్క మాట మార్చినా డిఫ్‌లో, అంటే గిట్ మార్పులు చూపించే చోట, పేరా అంతా మారినట్టు వస్తుంది. ‘గిట్ డిఫ్ డబుల్ డాష్ వర్డ్-డిఫ్’ అంటే మారిన మాటకి మాత్రమే గుర్తు పెట్టి చూపిస్తుంది.

ప్రశ్న: మెర్జ్ అయిపోయిన బ్రాంచిల్ని తీసేద్దామని ‘గిట్ బ్రాంచ్ డాష్ డి’ కొడితే “పూర్తిగా మెర్జ్ కాలేదు” అంటుంది. కాలేదేమిటి, వెబ్‌లో కనిపిస్తోంది కదా! విసిగి పెద్ద డి కొట్టాను, ఆ ఊపులో పని జరుగుతున్న బ్రాంచి కూడా పోయింది. (గుంటూరు)

జవాబు: మీ టీమ్‌లో స్క్వాష్ మెర్జ్ వాడుతున్నట్టున్నారు. స్క్వాష్‌లో మీ ఏడెనిమిది కమిట్లనీ కలిపి ఒక కొత్త కమిట్ తయారు చేసి మెయిన్ మీద పెడతారు, మీ అసలు కమిట్లు మెయిన్ చరిత్రలో ఉండవు. చిన్న డి చూసేది ఆ కమిట్లు అక్కడున్నాయా అని, కోడ్ అదేనా అని కాదు. కాబట్టి అది నిజమే చెప్తోంది. ఏవి తీసెయ్యాలో తెలియాలంటే ‘గిట్ ఫెచ్ డబుల్ డాష్ ప్రూన్’, తర్వాత ‘గిట్ బ్రాంచ్ డాష్ వివి’ కొట్టండి, సర్వర్లో తీసేసిన బ్రాంచిల పక్కన ‘గాన్’ అని కనిపిస్తుంది. పెద్ద డి వాటికే.

పోయిన బ్రాంచి తిరిగొస్తుంది. తీసేసినప్పుడు పేరు పక్కన బ్రాకెట్లో చిన్న హ్యాష్ చూపించి ఉంటుంది, ‘గిట్ బ్రాంచ్’ పక్కన పేరు, ఆ హ్యాష్ ఇస్తే చాలు. అది దొరక్కపోతే ‘గిట్ రీఫ్లాగ్’ తెరిచి, ఆ బ్రాంచి నుంచి మెయిన్‌కి మారిన లైను వెతకండి, దాని కింద లైన్లో ఉన్న హ్యాష్ మీ బ్రాంచి చివరి కమిట్. బ్రాంచి సొంత రీఫ్లాగ్ బ్రాంచితోపాటే పోతుంది, హెడ్‌ది మాత్రం ఉంటుంది. ఇలా ఏ బ్రాంచికీ అందకుండా పోయిన కమిట్ల జాడని గిట్ మామూలుగా 30 రోజులు ఉంచుతుంది. ఇదంతా మీ మెషీన్లో ఉన్న రీఫ్లాగ్ సంగతి, కాబట్టి “గందరగోళంగా ఉంది, ఫోల్డర్ తీసేసి సర్వర్ నుంచి మళ్లీ క్లోన్ (పూర్తి కాపీ) చేద్దాం” అని మాత్రం అనుకోకండి. కొత్త క్లోన్‌లో పాత రీఫ్లాగ్ ఉండదు, పాత స్టాష్‌లూ ఉండవు.

ప్రశ్న: మా టీమ్‌లో ఒకరు బ్రాంచి మారరు, రెండు ఫోల్డర్లు పెట్టుకుంటారు, కానీ రెండుసార్లు క్లోన్ చెయ్యలేదంటారు. అదేంటి? (హైదరాబాద్)

జవాబు: వర్క్‌ట్రీ. 2015లో 2.5 వెర్షన్‌తో వచ్చింది, వాడేవాళ్లు తక్కువ, ఎందుకో. రెపో ఒకటే, దానికి ఒకటికన్నా ఎక్కువ ఫోల్డర్లు, ఒక్కో ఫోల్డర్లో ఒక్కో బ్రాంచి. ‘గిట్ వర్క్‌ట్రీ యాడ్ డాష్ బి’ పక్కన ఫిక్స్ బ్రాంచికి ఒక పేరు, పక్క ఫోల్డర్ దారి, చివర మెయిన్ ఇస్తే, మెయిన్ నుంచి తీసిన ఆ కొత్త బ్రాంచి పక్క ఫోల్డర్లో తెరుచుకుంటుంది. మాదాపూర్ పాఠకుడి సమస్యకి నిజంగా దర్జా అయిన జవాబు ఇదే: సగం కోడ్ ఉన్న ఫోల్డర్‌ని అలాగే వదిలి, ఎడిటర్లో ఇంకో విండో తెరిచి, ఫిక్స్ చేసి, పుష్ చేసి, ‘గిట్ వర్క్‌ట్రీ రిమూవ్’.

చికాకులు లేకపోలేదు. కొత్త ఫోల్డర్లో ట్రాక్ అయ్యే ఫైళ్లే వస్తాయి, అంటే సెట్టింగులు పెట్టుకునే డాట్ ఈఎన్‌వి ఫైలు ఉండదు, నోడ్ మాడ్యూల్స్ ఉండవు, మళ్లీ ఇన్‌స్టాల్ కొట్టి కూర్చోవాలి. పెద్ద ప్రాజెక్టులో దానికే ఒక టీ టైమ్ అయిపోతుంది. అందుకని నేను ఒక ఫోల్డర్‌ని ఫిక్స్‌ల కోసమే పర్మనెంటుగా ఉంచుకోమంటాను. ఒకే బ్రాంచిని రెండు ఫోల్డర్లలో తెరవనివ్వదు, అది మంచికే. స్టాష్ లిస్ట్ మాత్రం అన్ని ఫోల్డర్లకీ కలిపి ఒకటే, ఇక్కడ దాచింది అక్కడ కూడా కనిపిస్తుంది, నంబరు చూసుకోకుండా పాప్ కొట్టకండి.